దేశం లేనివాడి దర్జా

దేశం లేకపోవడమంత సుఖం ఇంకోటి లేదు! నవ్వకండి, బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అనుభవిస్తున్నవాణ్ణి చెబుతున్నాను.

ఎన్నికలొస్తే అభ్యర్థులు మా వీధిలో అన్ని తలుపులూ తట్టి, నా గుమ్మం మాత్రం దాటేసి పోతారు. ఎంత ప్రశాంతత! సైన్యంలోకి రమ్మని పిలుపు రాదు. అప్పిస్తామని బ్యాంకులు వెంటపడవు. మీలో ఎవరికుంది ఈ దర్జా?

ఇదంతా మా అమ్మ చలవ. వేసవి రాగానే మేం కిర్గిజులం గొర్రెల్ని తోలుకుని కొండమీది పచ్చికకు ఎక్కుతాం. పురుడయ్యేదాకా కిందే ఉండమంటే అమ్మ వింటేగా! నేను ఆ పచ్చికలోనే ఊడిపడ్డాను. తర్వాత ఆ రెండూ కలిసున్న పెద్ద దేశం ముక్కలై, మా ఊరు ఈ దేశంలో, పచ్చిక ఆ దేశంలో పడ్డాయి.

"అక్కడ పుట్టావుగా, అక్కడికే పో" అంటారు ఇక్కడి ఆఫీసువాళ్ళు.

"ఇక్కడ గొర్రెపిల్లలూ పుట్టాయి. వాటికీ పాస్‌పోర్టులిమ్మంటావా?" అంటారు అక్కడివాళ్ళు.

జన్మలో ఒక్కసారే తొందరపడ్డాను, అదీ పుట్టేటప్పుడు!

మా అమ్మాయి బెగిమై పుట్టాక, జనన పత్రంలో తండ్రిగా నా పేరు రాయించడానికి వెళ్ళాను. నేనెవరో రుజువేదని అడిగింది గుమాస్తా. ఏడు తరాల తండ్రుల పేర్లు చెప్పలేనివాడు మా వాళ్ళలో మనిషి కింద లెక్క కాదు. ఇంతకంటే రుజువేం కావాలి? ఛాతీ విరిచి గడగడా అప్పజెప్పాను. ఐదో పేరు దగ్గర ఆవిడ లేచి నిలబడింది.

"అయ్యో అన్నా! ఆయన మాకూ తాతే! మనం అయినవాళ్ళమే!"

టీ పోసింది, రొట్టె తుంచి పెట్టింది, మా గొర్రెల క్షేమం కూడా అడిగింది. ఆనక తండ్రి పేరు దగ్గర నిక్షేపంగా అడ్డగీత గీసింది.

"ఏమనుకోకన్నా. రక్తం ఒకటే గానీ, నీకు కాగితం లేదుగా!"

గీతనైతేనేం? గీతకు జుట్టు నెరవదు, పళ్ళూడవు!

నిన్న బెగిమై బడిలో అప్పజెప్పడానికి ఏడు తరాలూ వల్లెవేస్తూ ఉన్నట్టుండి ఆగింది.

"నాన్నా, తాత దగ్గర్నుంచి మొదలెట్టనా?"

"అదేమిటే! మొదటి పేరు నాన్నది కదా?"

"నువ్వు నా కాగితంలో లేవుగా. టీచరమ్మ తప్పంటుంది."

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. నన్ను తీసేస్తే దానికి మిగిలేవి ఆరే పేర్లు. ఆరు పేర్లతో మా వాళ్ళలో ఎవరూ మనిషి కాలేరు.

దేశం లేని సుఖాల గురించి ఇంకా చాలా రాద్దామనుకున్నాను గానీ, ఆఫీసు తెరిచే వేళయింది. వెళ్ళి ఆ చెల్లెమ్మ ముందు మళ్ళీ నిలబడాలి. ఈసారి నా ఏడు తరాలు కాదు, నా కూతురివి చెబుతాను. మొదటి పేరు దగ్గరే ఆగిపోతాను. అది రాసేదాకా రెండోది చెప్పను.