ట్రిప్టోఫాన్‌కు సిఫారసు

ప్రజల కోపానికి కారణం ప్రభుత్వం కాదని, ప్రోటీన్ లోపమని మంత్రిగారు ప్రకటించారు. ఇంత పెద్ద సత్యం అంత చిన్న వాక్యంలో పట్టడం నేను చూడటం అదే మొదటిసారి. మర్నాటి నుంచి ఆయన ఆఫీసుకు అర్జీతో వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందు రెండు ఉడికిన గుడ్లు పెట్టాలన్నారు. ఉడకబెట్టేది నేను. తిన్న గంటకు గుమాస్తా వచ్చి ఇంకా కోపంగా ఉందా అని అడుగుతాడు. లేదంటే అర్జీ పరిష్కారమైనట్టు. ఉందంటే మరో రెండు గుడ్లు.

నాలుగో గుడ్డు దగ్గర మనిషికి న్యాయం కన్నా మంచినీళ్లు ముఖ్యమవుతాయి. వారంలో మూడొందల అర్జీలు పరిష్కారమయ్యాయి.

పంతులమ్మ ఒక్కతే లొంగలేదు. బడి పైకప్పు ఇవాళో రేపో కూలేలా ఉంది, కింద నలభైమంది పిల్లలు, వానలు పడేలోగా ఒక్క సంతకం కావాలి. ఎనిమిది గుడ్లు తిన్నాక కూడా ఆవిడ అదే మాట అంది.

మంత్రిగారు కంగారుపడి పోషకాహార డాక్టర్ని పిలిపించారు. టీ ఇస్తూ నేనూ విన్నాను. మనసును కుదుటపరిచే రసాయనం మెదడులో తయారవ్వాలంటే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం లోపలికి వెళ్లాలట. గుడ్డులో అది ఉంది గానీ, మిగతా అమైనో ఆమ్లాలు అంతకన్నా ఎక్కువున్నాయట. అన్నిటికీ గుమ్మం ఒకటే. బలమున్నవి తోసుకుని వెళ్లిపోతాయి, ఇది వరండాలో నిలబడిపోతుంది.

మంత్రిగారికి వెంటనే అర్థమైంది. ఆయన గుమ్మమూ అలాంటిదే.

"దానికి మనవాళ్లెవరూ లేరా?"

"లేరండీ."

"పాపం. నా లెటర్ ఇద్దాం."

ట్రిప్టోఫాన్ తనకు బాగా కావలసిన మనిషని, ఎక్కడికొచ్చినా వెంటనే లోపలికి పంపాలని రాయించి, సంతకం చేసి ముద్ర వేశారు. నకళ్లు అన్ని శాఖలకూ వెళ్లాయి. ఒకటి మా గుమ్మం మీదే అంటించారు. మెదడుకు ఎవరు చేరవేయాలని డాక్టరు అడిగాడు. ఆయనకు రెండు గుడ్లు పెట్టమన్నారు.

మర్నాడు పంతులమ్మ అర్జీ కొత్తగా రాసుకొచ్చింది. రోజూ చూసే మొహమే, కానీ మా బంట్రోతు చూసేది కాగితం. పేరు చదివి లేచి నిలబడ్డాడు.

"ట్రిప్టోఫాన్ గారు మీరేనా? ముందే చెప్పొద్దా తల్లీ."

గుడ్ల గది దాటించి తిన్నగా లోపలికి పంపాడు. మంత్రిగారు పేరు వరకు చదివి, కుర్చీ వేయించి, సంతకం పెట్టారు. పంతులమ్మ నవ్వుతూ బయటికొచ్చింది.

ఆ నవ్వును గుమాస్తా రిజిస్టరులో ఎక్కించాడు. సాయంత్రం మంత్రిగారు పత్రికలవాళ్లను పిలిచి, చివరి కోపం కూడా చల్లారిందని, ఇదంతా గుడ్ల ఫలితమని చెప్పారు.

ఆ రోజు పొద్దున్నే గ్యాస్ అయిపోయి, నేను ఒక్క గుడ్డూ ఉడకబెట్టలేదు.