పెళ్ళికి ముందు సగం దూరం

ఆ శనివారం పొద్దున్న అక్షయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నానమ్మ రాజేశ్వరమ్మను ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్ళి గోంగూర కొనిపించాలి, మధ్యాహ్నం భోజనానికి వచ్చే కాబోయే అత్తమామల ముందు బుద్ధిగా కూర్చోవాలి. అమ్మానాన్నలు పెళ్ళిబట్టలకని ఇండియా వెళ్ళారు, అమెరికాలోని ఆ నేపర్‌విల్ ఇంటికి ఇప్పుడు నానమ్మే పెద్దదిక్కు. పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసుకోకపోతే అంతా సవ్యంగానే ఉండేది. కింది పెదవి చివర నీటిపొక్కుల గుత్తి ఒకటి లేచి కూర్చుంది. ఫోన్‌లో వెతికితే కోల్డ్ సోర్ అంది. ఊరుకుందా? దాని అసలు పేరు హెర్పిస్ అని కూడా చెప్పింది.

కాలేజీ రోజుల్లో కుర్రాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకున్న పేరది. నిశ్చితార్థం అయినప్పటి నుంచి అతనూ దేదీప్యా ముద్దులు పెట్టుకున్న మాట నిజం, ముద్దుల దగ్గరే ఆగలేదన్న మాటా నిజం. అసలు హద్దు మాత్రం దాటలేదు. హద్దు దాటని వాళ్ళకు ఏ జబ్బూ రాదని ఇరవై ఎనిమిదేళ్ళ ఆ ఇంజనీరు నమ్మకం. మరి ఇదెక్కడిది? ఆ పిల్లకు అంటించేశాడా? తెలిస్తే పెళ్ళి మాట అటుంచి, ముఖమైనా చూస్తుందా?

నానమ్మ గోంగూర కట్టలు వాసన చూడటం మొదలుపెడితే ఒక పట్టాన తేల్చదు. ఆ ధైర్యంతో అతను కారులో కూర్చుని డాక్టర్ ఆఫీస్ నర్సుకు ఫోన్ చేశాడు. ఆవిడ ఓపిగ్గా అంతా చెప్పింది. ముద్దు చాలట, చర్మానికి చర్మం తగిలినా చాలట. నోటిది కింది భాగాలకూ పాకగలదట. పొక్కు కనపడని రోజుల్లో కూడా ఒక్కోసారి అంటుతుందట. ఎయిడ్స్ లాంటివి ముద్దుతో రావు గాని, ఇది వస్తుందట.

"బట్ వి డిడ్ నాట్ గో ఆల్ ద వే, మ్యామ్!" అన్నాడు అక్షయ్ ఏడుపు గొంతుతో. మొగుడూ పెళ్ళాల ముచ్చట పూర్తిగా జరగలేదని ఆ దేశంలో ఆ మాటకు అర్థం.

"యు డోంట్ హావ్ టు గో ఆల్ ద వే, హనీ. హాఫ్ వే ఈజ్ ఎనఫ్!" అని కారు స్పీకర్లన్నీ ఒక్కసారిగా చెప్పాయి. నానమ్మ ఎప్పుడు ఎక్కి కూర్చుందో గాని, వెనక సీట్లోంచి గోంగూర వాసన వచ్చింది.

"ఎవర్రా ఆవిడ? ఎంత బాగా మాట్లాడుతోంది!" అంది రాజేశ్వరమ్మ.

ఆల్ ద వే అంటే ఆవిడకు బాగా తెలుసు. ముసలివాళ్ళను గుడికి తీసుకెళ్ళే వ్యాన్ డ్రైవర్ రోజూ అనే మాటే, చివరిదాకా వెళ్ళమని. పాపం, పిల్లలిద్దరూ ఎక్కడికో బయల్దేరి సగం దారిలో ఆగిపోయారన్నమాట.

ఇంటికొచ్చి అక్షయ్ స్నానానికి వెళ్ళగానే ఆవిడ దేదీప్య తల్లికి ఫోన్ చేసింది. చాముండేశ్వరి పక్కూరు అరోరాలో బ్యాంకు ఉద్యోగి. ఆవిడకు ఇంగ్లిష్ రావడమే వచ్చిన చిక్కు.

"అమ్మా చాముండేశ్వరీ, మనవాళ్ళిద్దరూ ఆల్ ద వే వెళ్ళలేదటమ్మా. సగంలోనే ఆగారట."

"ఏంటి పిన్నిగారూ మీరనేది?"

"అవునమ్మా, వాడే చెప్పాడు. ఎవరో ఆవిడతో చెబుతుంటే నా చెవిన పడింది. సగంలోనే ఆగామని దిగులుగా ఉన్నాడు. తప్పు మనదేలే. ఇలాంటివి పిల్లలకే వదిలేస్తే ఎలా? పెళ్ళిలోపు మనమే దగ్గరుండి ఆల్ ద వే తీసుకెళ్దాం. నువ్వు, నేను, మీ ఆయన, అందరం. నేను పులిహోర కలుపుతాను."

అటువైపు ఏదో గిన్నె కిందపడిన చప్పుడు. తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు.

భోజనానికి రావలసినవాళ్ళు పదకొండున్నరకే వచ్చేశారు. చాముండేశ్వరి చెప్పులు కూడా విప్పలేదు. వెనక ఆవిడ భర్త రాజారావు, నల్ల కళ్ళజోడు తీయకుండా. ఆ వెనక దేదీప్య, ముఖం ఎర్రగా.

"పులిహోర కూడానా పిన్నిగారూ!" అంది చాముండేశ్వరి.

"చింతపండు నానబెట్టానమ్మా, కూర్చో."

స్నానం చేసి దిగివస్తున్న అక్షయ్‌కి సంగతి అర్థం కావడానికి కాస్త టైమ్ పట్టింది. అర్థమయ్యాక దాచి లాభం లేదనిపించింది.

"ఆంటీ, నానమ్మ ఇదేదో రోడ్ ట్రిప్ అనుకుంది. నాకు లిప్ మీద కోల్డ్ సోర్ వచ్చింది. నావల్ల దేదీప్యకి వచ్చిందేమోనని నర్స్‌ని అడిగాను. అంతే. దేదీప్యా, ఐ యామ్ సారీ. నువ్వు నో అన్నా నాకు అర్థమవుతుంది."

"హెర్పిసా!" చాముండేశ్వరి సోఫాలో కూలబడింది. "మా ఇంటా వంటా లేదు ఇలాంటిది! పదండి, వెళ్దాం."

దేదీప్య కదల్లేదు. అక్షయ్ పెదవిని దగ్గరగా వచ్చి చూసింది.

"మమ్మీ, ఇది నాకు ప్రతి ఫైనల్స్‌కీ వచ్చేదే కదా? ఒంటి వేడి అని నువ్వు పెరుగు రాసేదానివి! నా ఫిఫ్త్ గ్రేడ్ ఫోటోలో కూడా ఉంది."

"అది వేరే!"

"నీకూ వస్తుంది. బ్యాంకులో ఆడిట్ అంటే చాలు, డార్క్ లిప్‌స్టిక్ వేసుకుంటావు." అక్షయ్ వైపు తిరిగింది. "సో, నీకు ఇచ్చింది నేనన్నమాట. నాకు మా అమ్మ ఇచ్చింది, చిన్నప్పుడు ముద్దులు పెట్టి. ఇప్పుడు నువ్వు నో అంటావా?"

"నేనా? ఛ!" అన్నాడు అక్షయ్, పొక్కు నొప్పెడుతున్నా నవ్వుతూ. నర్సు మందు చీటీ పంపిందని, పూర్తిగా మానేదాకా ముద్దులు బంద్ అని, దీనికోసం పెళ్ళి ఆగనక్కర్లేదని అందరికీ చెప్పాడు.

"ఓస్, జ్వరపు పొక్కా! దీనికా ఇంత రభస? లోకంలో సగంమందికి ఉంటుంది. లేవండి, అన్నం చల్లారిపోతోంది" అంది రాజేశ్వరమ్మ. చాముండేశ్వరి అప్పుడు చెప్పులు విప్పింది.

రాజారావు కళ్ళజోడు తీసి, ఎవరినీ అడగకుండా ఆవకాయ జాడీ తన ముందుకు లాక్కున్నాడు. ఆయన పెదవి మీద లేచే పొక్కులకు ఆవకాయే కారణమని, పెళ్ళయిన ఏడాది నుంచీ చాముండేశ్వరి దాన్ని ముట్టుకోనివ్వలేదు.