ప్రశాంత వార్డు ప్రారంభోత్సవం

"తలకు దెబ్బ తగిలినవాడెవడూ ఇకమీదట టెన్షన్ పడటానికి వీల్లేదు. పడితే ఊరుకునేది లేదు!" అని ఆరోగ్య మంత్రిగారు మైకు పగిలేలా ప్రకటించారు.

ఆ మాట ఆయనకు ఊరికే తట్టలేదు. ఆయన సభకే లైట్లు కడుతూ నిచ్చెన మీంచి పడ్డ ఎలక్ట్రీషియన్ ఒకడు పెద్దాసుపత్రిలో ఉన్నాడు.

"మెదడుకు దెబ్బ తగిలిందమ్మా. కోలుకుంటాడు. కానీ అరుపులూ హడావుడీ ఉండకూడదు. ఒత్తిడి పెరిగితే వచ్చిన మాటా, జ్ఞాపకమూ కూడా వెనక్కి పోతాయి," అని డాక్టరమ్మ అతని భార్యకు చెప్పింది.

భార్య ఆ మాటను కళ్లకద్దుకుంది. గ్లాసులో చెంచా తిప్పినా చప్పుడు కానిచ్చేది కాదు. మొన్ననే అతను ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వు... తిన్నావా?" అన్నాడు. ఆమెకు ఆ పూట తినకుండానే కడుపు నిండిపోయింది.

ఇంతలో మంత్రిగారికి దయ కలిగింది. సరిగ్గా అతని మంచం చుట్టూనే ప్రశాంత వార్డు వెలిసింది. తలగడకు పైన, గోడకు శిలాఫలకం బిగించడానికి డ్రిల్లింగ్ మిషన్ పొద్దంతా శ్రమించింది. అడ్డం వెళ్లిన డాక్టరమ్మకు ఒత్తిడి ఎక్కువైందని గుర్తించి, వెంటనే సెలవు మంజూరు చేశారు.

పీఏ వచ్చి రిహార్సల్ మొదలెట్టాడు.

"సారు ఎలా ఉందని అడుగుతారు. 'చాలా ప్రశాంతంగా ఉంది సార్' అనాలి. ఏదీ, అను."

"చాలా... ప్ర..."

"ప్రశాంతంగా!" పీఏ అరిచాడు. "టెన్షన్ పడకయ్యా! నువ్వు టెన్షన్ పడితే నా ఉద్యోగం ఊడుతుంది!"

"బాబూ, మీకు దణ్ణం పెడతా, ఇక వదిలెయ్యండి. చూడండి, ఎలా చెమటలు పడుతున్నాయో," అంది భార్య.

"తుడవండమ్మా. కెమెరాలో మెరుస్తుంది."

మంత్రిగారు బ్యాండుతో సహా వేంచేశారు. నిశ్శబ్దం విలువ గురించి లౌడ్‌స్పీకర్లో అలుపెరగకుండా మాట్లాడారు. ఆఖరికి మంచం మీదికి వంగి, "ఎలా ఉందయ్యా?" అన్నారు.

అతని పెదాలు కదిలాయి. మాట రాలేదు. బెదురు చూపులు గదంతా తిరిగి భార్య దగ్గర ఆగాయి.

"ఎవరండీ మీరు?" అన్నాడు ఆమెతో.

బ్యాండు వాళ్లు కూడా గమ్మునుండిపోయారు. ముందుగా తేరుకున్నది మంత్రిగారే.

"చూశారా! పెళ్లామే గుర్తులేదు. ఇంతకు మించిన ప్రశాంతత ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?"

చప్పట్లతో వార్డు దద్దరిల్లింది. అతను రెండు చేతులతో చెవులు మూసుకుని ముడుచుకుపోయాడు. పీఏ అతని భార్య వెనక్కి చేరి మెల్లగా అన్నాడు:

"మీరూ కొట్టండమ్మా. కెమెరా మీవైపే ఉంది."