మా బావ లాండ్రీకి వైవిధ్య పురస్కారం

పర్మిట్ లేని పరదేశీయులను పనిలో పెట్టుకోవడం మహా నేరమని మొన్న టీవీలో ఒకాయన బల్ల గుద్ది మరీ చెప్పాడు. నేనంటాను, అంతకు మించిన పుణ్యకార్యం లేదు! ఆ పుణ్యం లేకపోతే ఆయన ఒంటిమీద చొక్కా అంత తెల్లగా, కాలరు అంత నిటారుగా ఎలా ఉండేది? ఆ చొక్కా మా బావ లాండ్రీ నుంచే వెళుతుంది. ఉతికింది ఎవరో, ఇస్త్రీ చేసింది ఎవరో ఆయనకు తెలియదు. తెలిస్తే పాపం, బనీనుతో టీవీలో కూర్చోవాలి!

మీరే ఆలోచించండి. పర్మిట్ ఉన్న మనిషికి నెలకోసారి నడుము నొప్పి వస్తుంది. మామగారు పోతారు. కొందరికైతే ఒకే మామగారు ఏడాదికి రెండుసార్లు పోతారు! పర్మిట్ లేని మనిషికి ఈ బాధలేవీ ఉండవు. ఏ రికార్డులోనూ లేని మనిషికి జ్వరం ఎలా వస్తుంది చెప్పండి? వచ్చినా ఎవరికొచ్చినట్టు? జీతం పెంచమనరు, ఫ్యాను వేయమనరు. యజమాని జోకు వేస్తే అర్థమైనా కాకపోయినా నవ్వుతారు. మా బావ జోకులకు మా అక్క నవ్వడం మానేసి ఏళ్ళయింది. అందుకే ఆయనకు లాండ్రీ అంటే అంత ప్రాణం.

బావ అంటే మా అక్క మొగుడు. ఊళ్ళోని పెద్ద హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రి కర్టెన్లు, పెద్దమనుషుల సూట్లు అన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. లోపల నాలుగు దేశాల మనుషులు నాలుగు భాషల్లో ఎండను తిట్టుకుంటూ పనిచేస్తుంటారు. అందరికీ అర్థమయ్యే భాష ఒక్కటే, మిషన్ చప్పుడు. అందరికీ పెద్దదిక్కు ఆవిరమ్మ. అది ఆవిడ అసలు పేరు కాదు. పొద్దస్తమానం ఆవిరితో ఇస్త్రీ చేసే స్టీమ్ ప్రెస్ ముందు పొగమంచులో నిలబడి ఉంటుంది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి మన భాష కూడా నేర్చేసుకుంది. అసలు పేరు అడగకపోవడం మా లాండ్రీ మర్యాద.

ఇంత వైవిధ్యం ఉన్నప్పుడు దానికో గుర్తింపు అక్కర్లేదా? వ్యాపారుల సంఘం వాళ్ళు ఏటా ఒక పురస్కారం ఇస్తారు. అన్ని దేశాల వాళ్ళకూ చోటిచ్చిన పనిశాలకు 'అందరి చోటు' అని పేరు పెట్టి, ఒక షీల్డు ఇచ్చి, స్టాఫుతో ఫొటో తీసి పేపర్లో వేస్తారు. బావ అప్లై చేశాడు. చేసిన తర్వాత, కమిటీ మేడమ్ చూడ్డానికి వస్తుందని తెలిసిన తర్వాత, అప్పుడు వెలిగింది. ఫొటో పేపర్లో పడితే ఆ పేపర్ ఇమ్మిగ్రేషన్ ఆఫీసువాళ్ళు కూడా చదువుతారు!

"ఒరేయ్ బామ్మర్దీ, కొంప మునిగింది. ఉన్న వైవిధ్యాన్ని దాచెయ్యాలి, లేని వైవిధ్యాన్ని చూపించాలి. ఎల్లుండి పొద్దున్నే రా" అని ఫోన్ చేశాడు.

వెళ్ళాను. అసలు స్టాఫునంతా దుప్పట్ల గదిలోకి పంపించి, వాళ్ళ నీలం కోట్లు మాకు తొడిగారు. మేమంటే మా అక్క, ఇన్సూరెన్స్ ఆఫీసులో కునుకు తీసే బావ తమ్ముడు, చెవులు సరిగా వినిపించని బావ పిన్ని, నేను. మాలో వైవిధ్యం లేదంటే ఊరుకోను. పిన్నికి చెవుడు, నాకు బట్టతల, అక్కకు కోపం. ఒక్క బావవైపు వాళ్ళకు మాత్రం అందరికీ ఒకటే ముక్కు. అదొక్కటీ దాచలేకపోయాం.

నాకు దక్కింది ఆవిరమ్మ కోటు. భుజాల దగ్గర పట్టేసింది కానీ మడత మాత్రం కత్తిలా ఉంది. దుప్పట్ల గది తలుపు దగ్గర ఆవిడ నిలబడి దానివైపే చూస్తోంది.

"జాగ్రత్త అన్నయ్యా, నిన్న సాయంత్రమే ఇస్త్రీ చేసుకున్నా" అంది. "ఫొటో అన్నారు కదా, నేనూ ఉంటాననుకున్నా. ఇక్కడ నాకు పనుందంటే మా అమ్మ నమ్మట్లేదు. ఏ వీధుల్లో తిరుగుతున్నానో అని ఏడుస్తోంది. ఒక్క ఫొటో పంపిద్దామని."

బావ వైపు తిరిగి, "వెనకాలైనా నిలబడనా సార్? సగం మొహం పడినా చాలు" అంది.

"నీ మంచికే చెప్తున్నానమ్మా. ఆ సగం మొహం చాలు, నిన్ను బండెక్కించి సరిహద్దు దాటించడానికి" అన్నాడు బావ.

అందులో అబద్ధం లేదు. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నాకు కోటు ఇంకాస్త బిగుసుకున్నట్టనిపించింది.

మేడమ్ వచ్చింది. అన్నీ చూసింది, అన్నిటికీ మురిసిపోయింది. పిన్నిని "మీది ఏ దేశమండీ?" అని అడిగితే పిన్ని "రెండు పూటలా తింటానమ్మా" అంది. మేడమ్ తల ఊపి, పాపం, భాష సమస్య అనుకుంది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతే నా గ్రహాలు తిరగబడ్డాయి.

"కార్లో కూర్చుని కోటు నలిగిపోయింది. వెళ్ళేలోపు కాస్త ఇస్త్రీ చేసి పెడతారా?" అని తన కోటు విప్పి నా చేతికిచ్చింది. ప్రెస్ ముందు నిలబడింది నేనే కదా!

నేను సమాజాన్ని ఉతికి ఆరేసే కాలమిస్టునే కానీ, ఇస్త్రీ మన శాఖ కాదు. కోటు పరిచాను, ప్రెస్ మూత దించాను. గుప్పున ఆవిరి వచ్చింది. బాగుందనుకున్నాను. ఎత్తుదామంటే అది లేవదు. కింద రెండు పెడళ్ళున్నాయి, ఏది తొక్కినా ఆవిరి పెరగడమే తప్ప మూత కదలదు. మాడు వాసన మొదలైంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "మిషన్ కొత్తది మేడమ్" అన్నాను.

ఆ వాసన దుప్పట్ల గదిలోకి వెళ్ళింది. తలుపు ధడాలున తెరుచుకుంది. ఆవిరమ్మ ఉరికి వచ్చి, నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, రెండు పెడళ్ళూ ఒకేసారి తొక్కింది. కోటు లాగి, తడిగుడ్డ వేసి, అద్ది, దులిపి, పట్టుకుంది. లోపలి లైనింగులో చిన్న మచ్చ తప్ప కోటు బతికిపోయింది. అప్పుడు తలెత్తి చూసింది. ఎదురుగా మేడమ్. కోటు పట్టుకునే ఆవిరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఈవిడెవరు?" అంది మేడమ్.

బావ ఒక్క గెంతులో మధ్యకొచ్చి, "మా చుట్టాలావిడ మేడమ్! ఊరికే చూసిపోదామని వచ్చింది" అన్నాడు.

న్యాయం చూడండి! చుట్టాలంతా స్టాఫయ్యాం, బయటున్న ఒక్క స్టాఫూ చుట్టమైంది.

మేడమ్ ఆవిరమ్మను ఎగాదిగా చూసింది. బావవాళ్ళ ముక్కులు చూసింది. ఏమనుకుందో ఏమో, "సరే, ఫొటోలో స్టాఫు మాత్రమే ఉండాలి. అమ్మా, మీరు చుట్టాలు కదా, కాస్త ఫొటో మీరు తీసి పెడతారా?" అంది.

నా ఫోన్ ఆవిరమ్మ చేతికిచ్చాను. మొదట దాన్ని తలకిందులుగా పట్టుకుంది. తర్వాత, ఏమిటో, కుదుటపడింది. "పిన్నిగారూ, ఇంకాస్త లోపలికి రండి. అన్నయ్యా, కాలరు సరిచేసుకోండి. చేతులు కట్టుకోకండి, పనివాళ్ళెవరూ అలా నిలబడరు. సార్, నవ్వండి. అలా కాదు, బాగా నవ్వండి!" అంది. అందరం చెప్పినట్టు చేశాం. ఆ లాండ్రీలో బావ ఒకరి మాట వినడం నేను చూడటం అదే మొదలు.

వెళ్ళేముందు మేడమ్ తన కోటు తొడుక్కుంటూ ఆవిడ దగ్గర ఆగింది. "మా ఇంట్లోనూ ఇలాంటి చుట్టాలావిడ ఒకావిడ ఉందమ్మా. మా పిల్లలిద్దర్నీ ఆవిడే పెంచింది" అని మెల్లగా చెప్పి కారెక్కింది. షీల్డు మాకే వచ్చింది.

ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మీరనుకోవచ్చు. తొందరపడకండి. కొత్త రూలు ప్రకారం ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న మనిషికి యజమాని ఒక్క సంతకం పెడితే పర్మిట్ ఇస్తారట. షీల్డు కోసం బావ పేజీ పేజీకీ మెలికలు తిప్పి సంతకాలు పెట్టాడు కదా, ఈ ఒక్కటీ పెట్టచ్చుగా అన్నాను.

"నీకు వ్యాపారం తెలీదురా. పర్మిటొస్తే ఆవిడ ఎక్కడైనా పనిచేసుకోవచ్చు. ఇంక మన దగ్గరెందుకుంటుంది?" అన్నాడు.

నేను ఇంకేమీ అనలేదు. నా చొక్కాలు కూడా అక్కడే ఇస్త్రీ అవుతాయి మరి. ఉచితంగా.

నిన్న ఆ చొక్కాల కోసం వెళితే ఆవిరమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. నా దగ్గర అడిగి తీసుకున్న ఫొటోను వాళ్ళమ్మకు పంపిందట.

"ఇందులో నువ్వెక్కడ అని అడిగింది అన్నయ్యా. తీసింది నేనేనమ్మా, అందర్నీ నిలబెట్టింది కూడా నేనే అన్నా. అయితే వీళ్ళంతా నీ కింద పనిచేసేవాళ్ళా అంది. అవునన్నా. ఇరుగుపొరుగుకంతా చూపించిందంట. ఏడుపు మానేసింది." నా చొక్కాలు చేతికిస్తూ, "తప్పా అన్నయ్యా?" అంది.

తప్పేముంది? ఆవిడ చెయ్యి ఆగితే మేమెవరమూ ఆ కోట్లలో ఒక్క పూట కూడా నిలబడలేమని అక్కడే తేలిపోయింది కదా! కాకపోతే మా పైఅధికారి ఈ దేశంలో ఉండటానికి ఒక్క సంతకం కావాలి. అది పెట్టవలసిన మనిషి ఆ ఫొటోలో మధ్యన నిలబడి, ఆవిడ చెప్పినట్టే బాగా నవ్వుతున్నాడు.