వెర్లిన్ కారు నోరు మూయించడం

మధ్యాహ్నం అన్నను మట్టిలో పెట్టాలి. ఈలోగా అన్న కారు నోరు మూయించాలి. ఆ ఉదయం డెల్బర్ట్ పెట్టుకున్న పని అంతే. వెర్లిన్ పాత పాంటియాక్ పొగగొట్టం తుప్పుపట్టి, చిల్లులు పడి, కారు వీధి మొదట్లో ఉండగానే ఊరందరినీ లేపేది. తన శవపేటిక వెనక ఆ కారే రావాలన్నది వెర్లిన్ ఆఖరి కోరిక. వదిన నేడీన్ ఒప్పుకుంది గానీ, ఒక్క షరతు పెట్టింది.

"కాపురం చేసినన్నాళ్ళూ ఆ రొద భరించాను. ఇవాళ ఒక్కరోజు నా మొగుణ్ణి ప్రశాంతంగా సాగనంపనియ్యి, డెల్బర్ట్."

డెల్బర్ట్ కొత్త గొట్టాలు, సైలెన్సర్ తెచ్చి కారు కిందికి దూరాడు. ఒహాయోలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ బోల్టులను ఎప్పుడో తినేసింది. మొదటిది పట్టుకోగానే పుటుక్కుమంది. రెండోదీ అంతే. ఇంజను దగ్గరి బోల్టులే విరిగాక కొత్త గొట్టం దేనికి తగిలిస్తాడు? పాతది చూస్తే ముక్కలై కింద పడి ఉంది. అంతలో చర్చి గంట మొదలైంది. పాపం, ఏడుపొచ్చింది. అన్న మాట కాదనలేక, గొట్టమే లేని కారును అలాగే బయటికి తీశాడు.

దీనికంటే పాత రొదే నయం. దారిపొడవునా కిటికీ అద్దాలు గడగడలాడాయి. ముందు కారులోంచి వదిన ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. డెల్బర్ట్ సీట్లో కుంచించుకుపోయాడు.

శ్మశానంలో పెట్టెను గోతి మీదికి చేర్చారు. ఇంజను ఆపితే లోపల మిగిలిన పెట్రోలు ఆవిరి తుపాకిలా పేలుతుందేమోనని డెల్బర్ట్ ఆపలేదు. ఆపమని పాస్టరుగారు చెయ్యి ఊపారు. ఆపాడు. ఢామ్మని పేలింది.

వెర్లిన్ సైన్యంలో చేసినవాడు. వందనానికి తుపాకులతో నిలబడ్డ ముసలి సిపాయిలు అదే ఆజ్ఞ అనుకుని మూడుసార్లు కాల్చేశారు. కాల్పులయ్యాయి కదా అని బాకా అతను వీడ్కోలు పాట ఊదేశాడు. బాకా అయితే తంతు అయినట్టే గనక పనివాళ్ళు పెట్టెను గోతిలోకి దించేశారు. పాస్టరుగారు ఇంకా కళ్ళజోడు వెతుక్కుంటున్నారు.

తర్వాత ఎక్కడా చప్పుడు లేదు. డెల్బర్ట్ తల దించుకుని వచ్చాడు.

"అంతా చెడగొట్టాను వదినా."

నేడీన్ అప్పటిదాకా ఏడవలేదు. చెవి రిక్కించి ఆ నిశ్శబ్దాన్ని వింటోంది.

"ఇంటికెళ్ళినా ఇంక ఇంతేగా," అంది. "వెళ్ళు, డెల్బర్ట్. మళ్ళీ స్టార్ట్ చెయ్యి."

వెర్లిన్ మీద మట్టి పడుతున్నంతసేపూ కారు గర్జిస్తూనే ఉంది. ఆ రొద చాటున నేడీన్ గొంతెత్తి ఏడ్చింది.

పాస్టరుగారి ప్రసంగం ఒక్క ముక్కా ఎవరికీ వినపడలేదు. ఆయన అంత బాగా ఇంతకుముందెన్నడూ మాట్లాడలేదని ఊరంతా మెచ్చుకుంది.