ఇరవై ఏడో నంబరు ఆవాసం

మా ఊరి జంతు ప్రదర్శనశాలలో బోనులు పూర్తిగా రద్దయ్యాయని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం. ఇకపై ప్రతి ప్రాణీ తన సహజ ఆవాసంలోనే ఉంటుంది. సింహానికి గడ్డి మైదానం ఇచ్చారు. దుమ్ములగొండులకు మూడెకరాల లోయ తవ్వించారు. సందర్శకులు అద్దం వెనక నిలబడి రెండేసి గంటలు పొదల్ని చూసి, ఒక్క జంతువూ కనబడక, ఎంత సహజంగా ఉందోనని మెచ్చుకుంటూ ఇళ్లకు వెళ్తున్నారు.

దుమ్ములగొండులు ఖాళీ చేసిన పాత గదిని యాజమాన్యం వృథా పోనివ్వలేదు. పదకొండేళ్లుగా వాటికి తిండి పెడుతున్న కాపలాదారుకే క్వార్టర్స్‌గా ఇచ్చింది. ఆయన, భార్య, తల్లి, ఇద్దరు పిల్లలు అందులో సర్దుకున్నారు. కటకటాలకు పరదా కట్టుకునే స్వేచ్ఛ కూడా దయతో ప్రసాదించారు. కాస్త పెద్ద గది ఇప్పించమని ఆయన పెట్టుకున్న దరఖాస్తు పరిశీలనలో ఉంది, చాలాకాలంగా ఉంది.

ఇంతలో ఆవాసాల తనిఖీ సంఘం వచ్చింది. జంతువుల ఏకాంతానికి భంగం కలగకూడదు కనుక ఈ సంఘం ఎక్కడా లోపలికి తొంగి చూడదు. పది గజాల దూరంలో నిలబడి, విన్నది రాసుకుంటుంది. గోడ మీద ఇరవై ఏడు అన్న పాత నంబరు చూసి అధ్యక్షుడు ఆగాడు. లోపల ఏదో ఆగకుండా దగ్గుతోంది. ఏదో చిన్న ప్రాణి కుయ్యోమంటోంది. ఇంకేదో అటూ ఇటూ తిరుగుతోంది.

"ఇంత ఇరుకులో ఒక్క ప్రాణిని కూడా ఉంచకూడదే! లోపల నాలుగైనా ఉన్నట్టున్నాయి. గాలి లేదు, వెలుతురు లేదు. నాగరిక సమాజానికే ఇది సిగ్గుచేటు!" అంటూ అధ్యక్షుడు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. సాయంత్రంలోగా వీటిని లోయ పక్కన ఖాళీగా ఉన్న ఎకరం ఆవాసానికి మార్చాలని అక్కడికక్కడే ఉత్తర్వు రాసి సంతకం పెట్టాడు. అందులో గుహ ఉంది, సెలయేరు ఉంది, చలికాలంలో వెచ్చబడే రాతి నేల ఉంది.

పక్కనే ఉన్న కాపలాదారు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. తన ఇంటి గురించి ఒక అధికారి కంటతడి పెట్టడం ఆయన ఎన్నడూ ఎరగడు. పాపం, ఆయన్ని తప్పుపట్టలేం. మీరైనా నోరు విప్పేవారు కాదు.

"ఎకరమా? నిజంగానా?" అంది భార్య, ఆయన లోపలికొచ్చి సంగతి చెప్పగానే.

"గట్టిగా మాట్లాడకు. ముందు సర్దు."

మూడింటికి వ్యాను వచ్చింది. వల పట్టుకుని లోపలికి వెళ్లిన డ్రైవరు, గిన్నెల మూట పక్కన కూర్చున్న పెద్దావిడకు నమస్కారం పెట్టి బయటికొచ్చాడు.

"సార్, లోపలున్నది మనుషులండీ."

"మనుషులా? హమ్మయ్య!" అని అధ్యక్షుడు గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "ఏమయ్యా, ముందే చెప్పొద్దూ? ఎంత కంగారు పెట్టావు!" అని కాపలాదారును మందలించాడు. ఘోరమేదీ జరగలేదని తేలినందుకు సభ్యులు ఒకరినొకరు అభినందించుకున్నారు. ఉత్తర్వు కొట్టేసి దాని కిందే, గది సంతృప్తికరం, గాలీ వెలుతురూ పుష్కలం, ఇంకో ఇద్దరికి కూడా చోటుంది అని రాశారు.

వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది. భార్య మూట విప్పి గిన్నెలు ఒక్కొక్కటే మళ్లీ గూట్లో పెట్టింది. కాపలాదారు తల వంచుకుని గడపలో కూర్చున్నాడు.

"దిగులు పడకండి. రేపు కొత్త దరఖాస్తు పెడదాం," అందామె. "ఈసారి మనం మనుషులమని మాత్రం ఎక్కడా రాయకండి."