మేడమీది మామూలు సంసారం

ఆ రోజు ఉదయం చిన్నకోడలు పెట్టుకున్న పని ఒక్కటే: వంటగదిలో కారుతున్న కుళాయికి ప్లంబరును పిలవడం. ఫోన్ చేతిలోకి తీసుకుందో లేదో, కింది వాటాలోంచి నవ్వులు వినిపించాయి. కిటికీలోంచి తొంగిచూసింది. మెడలో కెమెరా వేలాడుతున్న ఒక పరాయిదేశపు అమ్మాయితో పెద్దకోడలు ఆ అమ్మాయి భాషలోనే గలగలా మాట్లాడుతోంది. పెళ్లికి ముందు ఆవిడ బడిలో ఆ భాష నేర్పేది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మరిచిపోకుండా చూసుకునేది కూడా.

మధ్యాహ్నానికి వివరాలు పైకి చేరాయి. ఏ దేశంలో ఆడవాళ్ల రోజు ఎలా గడుస్తుందో ఆ అమ్మాయి ఫోటోలు తీసి పుస్తకం వేస్తుందట. ఈ దేశం నుంచి ఒక్క ఇల్లు చాలట. అది కింది వాటాయేనట.

"ఆవిడ కనిపించింది గానీ నేను కనిపించలేదా?" అంది చిన్నకోడలు భర్తతో.

"మెట్లెక్కి రావాలి కదే. వదిన గుమ్మంలోనే ఉంది..."

"ఆవిణ్ణి వెనకేసుకు రాకపోతే మీకు పొద్దుపోదు!"

వెంటనే కిందికి దిగింది. "అక్కయ్యా, మీకసలే మోకాళ్ల నొప్పులు. ఆ అమ్మాయి రోజంతా వెనకాలే తిరిగితే ఎంత ఇబ్బంది! మా వాటాకి పంపించండి, నేను చూసుకుంటాను."

కాదంటే చెప్పడానికి మూడు సమాధానాలు సిద్ధం చేసుకునే వచ్చింది. ఒక్కటీ అవసరం రాలేదు.

"నిజమేనమ్మా. మూడు రోజులు నీ దగ్గరే ఉండనీ. ఆ తర్వాత నేను చూసుకుంటాలే," అంది పెద్దకోడలు.

అంత సులువుగా ఒప్పుకోవడం అనుమానించదగ్గ విషయమే. కానీ అనుమానించే తీరిక ఎక్కడిది?

ప్లంబరు వాయిదా పడ్డాడు. "దేశదేశాలవాళ్లు చూసే ఫోటోలో ప్లంబరు వీపెందుకండీ?" అంటూ కుళాయికి గుడ్డ బిగించి కట్టి, అడ్డంగా పూలకుండీ పెట్టింది. భర్త చేత సెలవు పెట్టించి, ఇస్త్రీ చొక్కా తొడిగించి, చేతికి లావుపాటి పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టింది. తాను పెళ్లిళ్లకు మాత్రమే బయటికి తీసే బట్టలు కట్టుకుని ఉల్లిపాయలు తరిగింది. కాటుక కారితే మొహం కడుక్కుని, మళ్లీ దిద్దుకుని, మళ్లీ తరిగింది.

ఆ అమ్మాయికి మన భాషలో వచ్చింది ఒకటే మాట. "మామూలుగా... మామూలుగా..." అని బతిమాలుతూ కెమెరా నొక్కేది.

"మామూలుగానే ఉన్నాంగా!" అంటూ ఈవిడ గడ్డం ఇంకాస్త పైకెత్తేది.

"నూట పన్నెండో పేజీలోకి వచ్చానే. ఇదేం పుస్తకమో ఇంకా తెలియలేదు," అని గొణిగాడు భర్త.

"తెలియక్కర్లేదు. మొహంలో తెలిసినట్టు కనిపిస్తే చాలు."

మూడో రోజు సాయంత్రం చిన్నకోడలు విజయోత్సాహంతో కిందికి దిగింది. "వందల ఫోటోలు తీసింది అక్కయ్యా! మీకింకేం మిగిలిందో, పాపం!"

"వందలసార్లు నొక్కి ఉంటుంది. తీసి ఉండదు," అంది పెద్దకోడలు గిన్నె తుడుస్తూ. "అది రీలు వేసే కెమెరా. ఏ ఇంటికి వెళ్లినా మొదటి మూడు రోజులూ రీలు వెయ్యదట. మనుషులు అలవాటు పడ్డాకే వేస్తుందట. వచ్చిన రోజే చెప్పింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా!"

నాలుగో రోజు పొద్దున్న చిన్నకోడలు తల కూడా దువ్వుకోలేదు. భుజం దగ్గర చిరిగిన నైటీతో వంటగదిలో గిన్నెలు ఎత్తి కుదేస్తోంది. కింద పెద్దకోడలు కొత్త తెరలు కట్టి, బల్లమీద కొత్త గుడ్డ పరిచి, ఉన్న నగలన్నీ పెట్టుకుని, టీ పోస్తున్నట్టు నిలబడింది. రీలు సంగతి తెలిసిన మనిషికి వేరే ఏమీ తెలియక్కర్లేదని ఆవిడ నమ్మకం.

"మామూలుగా..." అంది ఆ అమ్మాయి నీరసంగా.

సరిగ్గా అప్పుడే మేడమీద కుళాయి ఊడి చిన్నకోడలి చేతిలోకి వచ్చింది.

"ప్లంబర్ని పిలవమని మొత్తుకోలేదూ నేను?" భర్త బనీనుతో పరుగెత్తుకొచ్చాడు.

"మొత్తుకున్నారా? మూడు రోజులూ పేజీలు తిప్పుతూ కూర్చున్నారు!"

"తిప్పమందెవరు?"

"కూర్చోమంటే కూర్చుంటారు, నిలబడమంటే నిలబడతారు, సొంత బుద్ధి వద్దూ? చూస్తారేం, బకెట్ పట్టండి!"

కాసేపటికి కింద సీలింగులోంచి కొత్త గుడ్డమీద టపటపా నీళ్లు పడ్డాయి. ఆ అమ్మాయి తల పైకెత్తి చూసి, టీ పోస్తున్నట్టున్న పెద్దకోడల్ని అలాగే వదిలేసి, మెట్లన్నీ రెండేసి చొప్పున ఎక్కేసింది. పైన ఆమెను ఎవరూ చూడలేదు. ఆమె ఈసారి "మామూలుగా" అనలేదు. రీలు తరవాత రీలు మార్చుకుంటూ పోయింది.

ఏడు నెలలకు పుస్తకం వచ్చింది. ఈ దేశానికి ఇచ్చిన పది పేజీల్లోనూ మేడమీది వాటాయే. అట్టమీద చిన్నకోడలు ఒక అరచేత్తో గొట్టం అదిమిపట్టి, రెండో చేత్తో మొగుడికి చీపురు చూపిస్తూ, నోరంతా తెరిచి ఉంది. చిరిగిన భుజం చాలా స్పష్టంగా పడింది. ఆమె తన కాపీని బీరువాలో దుప్పట్ల అడుక్కి తోసేసింది.

పెద్దకోడలు మాత్రం, కడుపుమంట పైకి కనిపించనివ్వకుండా, పాతిక కాపీలు తెప్పించి చుట్టాలందరికీ స్వయంగా పంచిపెట్టి వచ్చింది.